ఎండలో చూసిన నలుపు

మార్చి 9, దంతెవాడ

హైదరాబాద్‌లోని ఛానెల్ ఆఫీసు నుంచి కెమెరా మానిటర్లు వచ్చాయి. మూడు. ఎండలో పనికొచ్చేది ఏదో తేల్చి పది రోజుల్లో రాయమన్నారు. మిగతా ఫీల్డ్ యూనిట్లన్నిటికీ అదే కొంటారట.

పాతదాని సంగతి అందరికీ తెలిసిందే. పొద్దున పదకొండు దాటితే అందులో మన ముఖమే మనకు కనిపిస్తుంది, కెమెరా చూసేది కాదు. రమణ నెత్తిన తువ్వాలు కప్పుకుని, తల అందులో దూర్చి ఫ్రేము పెడతాడు. పదేళ్లుగా నా కెమెరామన్. కిరండూల్ గని కాలనీలో పుట్టి పెరిగినవాడు. "పెళ్లికూతుర్లా ముసుగులోనే అయిపోతోంది సార్ నా సర్వీసు" అంటాడు.

మార్చి 10

మూడింటికీ రంగు టేపు అంటించాం. ఎర్రది చిన్నది, తేలిక, కెమెరా నెత్తినే కూర్చుంటుంది. పసుపుదాంట్లో రంగులు బాగున్నాయి, కానీ లోపలి ఫ్యాన్ చప్పుడు మైకులోకి వస్తోంది. ఆకుపచ్చది బరువు. బ్యాటరీ తాగేస్తుంది. అయితే మిట్టమధ్యాహ్నం నడి వాకిట్లో పెట్టినా బొమ్మ చెదరలేదు.

రేపు ఒకే క్లిప్పు మూడింట్లోనూ వేయాలి. సగం తెలుపు, సగం నలుపు ఉన్నది కావాలి.

మార్చి 11

పెద్దాయన క్లిప్పు వేశాం. పేరు ఇక్కడ కూడా రాయను.

పోయిన వారం, బాసగూడ దాటాక ఒక ఊళ్లో ఇచ్చిన లైవ్. సంతలోంచి ఇద్దరిని ఎవరు పట్టుకుపోయారో చూశానని చెప్పడానికి ముందుకొచ్చింది ఆయన ఒక్కడే. ముఖం కనపడకూడదన్నది షరతు. ఆ ఇంటికి ఎదురెదురుగా రెండు గుమ్మాలు. మేం పెరట్లో, ఎండలో. ఆయన లోపల నులకమంచం మీద. వీపు వెనక వీధి గుమ్మం, వాకిలి, నీలం డ్రమ్ము, కల్లు కుండ కట్టిన జీలుగు చెట్టు — అంతా వెలుగు. మానిటర్లో ముఖం నల్లటి ముద్ద అయ్యేదాకా రమణ లెన్సు ఐరిస్ మూసి వెలుగు తగ్గించుకుంటూ పోయాడు. ఆయన్ను పెరట్లోకి పిలిచి రికార్డయిన ముక్క చూపించాం. వంగి చూసి, ముక్కుతో నవ్వాడు. "ఇండ్ల నేను లేనే లేను గద."

ఆ తర్వాతే మాట్లాడాడు. లైవ్‌లో తర్వాత మసక చేయడం అంటూ ఉండదు.

ఇవాళ, పన్నెండు గంటల ఎండలో:

పాతది — అదే నలుపు.
ఎర్రది — చెవి అంచు.
పసుపుది — చెంప. మీసం.
ఆకుపచ్చది — కళ్లు. ఎడమ కనుబొమ మీద గాటు. మాట్లాడుతుంటే ముందరి పళ్లు.

పసుపుదాని ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రమణ వెళ్లి దాన్ని ఆపాడు.

అదే రోజు, సాయంత్రం

"ఆ రోజు ఒక్క బ్యాటరీయే మిగిలింది సార్. మానిటర్ వెలుగు సగానికి తగ్గించుకున్నాను. నలుపు కెమెరాలో లేదు. మానిటర్లోనే ఉంది." అన్నాడు రమణ.

నేనూ తువ్వాల్లో తల పెట్టి చూశాను. సరే అన్నది నేనే. రాసి పెట్టుకుంటున్నాను.

డెస్క్‌కి ఫోన్ చేశాను. ముఖం కనిపిస్తుంటే ఎవరూ ఎందుకు చెప్పలేదు? "మీరు చూసుకునే ఇచ్చారనుకున్నాం సార్."

నెట్‌లోంచి తీసేశారు. ఈలోగా ఎవరెవరు దాచుకున్నారో...

మార్చి 12

ఆయన ఫోన్ ఆపేసి ఉంది. పొద్దున. మధ్యాహ్నం. సాయంత్రం.

మార్చి 14

పెద్దాయన ఊరికి వెళ్లాం.

కోడలు వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. ఆ రోజు మాకు చెంబుతో నీళ్లిచ్చింది ఈమే.

"ఎవరు కావాలె సార్?"

మీ మామ, అన్నాను.

"నాకు మామ లేడు."

మొన్న ఇక్కడే కూర్చుని మాట్లాడాడు కదమ్మా. నువ్వే నీళ్లిచ్చావు.

"మీరు ఊరు మర్చిపోయిన్రు సార్. మా దిక్కు టీవీ గాడి ఎన్నడు రాలే." తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు.

పెరటి వైపు వెళ్లి చూశాను. మేం నిలబడిన చోటు అదే. రమణ స్టాండు కాళ్ల గుంటలు మూడూ ఇంకా ఉన్నాయి. ఎదురుగా గుమ్మం లేదు. గోడ ఉంది. పచ్చి మట్టి, వేళ్ల ముద్రలతో సహా. పక్కింటి పెరటి గుమ్మం కూడా లేదు. దాని పక్కదీ లేదు. మూడు ఇళ్లకూ ఒకే తడి గోడ.

వీధి వైపు జీలుగు చెట్టు మొద్దు. నరికిన చోట ఇంకా కారుతోంది. ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే గాని కల్లు పారని చెట్టు. పారే చెట్టును ఇక్కడ ఎవరూ కొట్టరు. డ్రమ్ము లేదు. నులకమంచం లేదు.

ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని తమ దోర్లీ భాషలో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపలేదు. నన్ను చూడనట్టే మాట్లాడుకున్నారు. రామ్ రామ్ అన్నాను. నేను అననట్టే ఉన్నారు.

జీపు ఎక్కుతుంటే కోడలు చాట పట్టుకుని పక్కగా వచ్చింది. మా వైపు చూడకుండా: "మీ డబ్బాల నల్లగ ఉన్నడన్నరు. మా ఫోన్ల తెల్లగనే ఉన్నడు." ఆగకుండా వెళ్లిపోయింది.

దారిలో రమణ: "ఆ ఫ్రేములో ఉన్నవన్నీ ఊళ్లోంచి ఒక్కొక్కటే తీసేశారు సార్."

గుమ్మం. చెట్టు. డ్రమ్ము. మంచం. మనిషి.

మనిషిని ఎవరు తీసేశారు, వీళ్లే దాచారా, ఇంకెవరైనా పట్టుకుపోయారా...

మార్చి 15

ఆ ఇంటర్వ్యూ అసలు కాపీ పంపమని డెస్క్. పంపలేదు. కెమెరా కార్డు నా దగ్గరే ఉంది.

ఆయన బతికి ఉంటే కార్డు చెరపాలి. లేకపోతే చెరపకూడదు — లైవ్ అయ్యాక అంతా విడిగా, నిదానంగా చెప్పింది అందులోనే ఉంది. ముందు ఆ ఒక్క నిజం కావాలి. ఎవరిని అడగాలి? అడిగిన ప్రతిచోటా ఆయన ఉన్నాడని చెప్పినట్టే అవుతుంది.

మార్చి 16

ఏమీ లేదు. ఎండ.

మార్చి 17

రిపోర్టు పంపాను. ఆకుపచ్చది. కారణాలు: ఎండలో నిజం చూపిస్తుంది; చీకటి భాగంలో ఏం మిగిలిందో తెర మీద గీతల్లో కొలిచి చెబుతుంది, కంటిని నమ్మక్కర్లేదు. లోపాలు: బరువు, బ్యాటరీ. చివర ఒక వాక్యం — ముఖం దాచాల్సిన మనిషిని లైవ్‌లో ఇవ్వకూడదు. ఆ వాక్యం మానిటర్ గురించి కాదు కదా అని అడిగారు. కాదన్నాను. ఉంచమన్నాను.

మార్చి 19

బాసగూడ సంత. ఇప్పపువ్వు స్టోరీ. ఆకుపచ్చదాంతో మొదటి పని. రమణకు తువ్వాలు అవసరం పడలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర. రమణ నా మోచేయి తాకాడు. ఫ్రేము ఎడమ అంచున, చింతపండు కుప్ప పక్కన గొంతుక్కూర్చున్న మనిషి. గుండు. మీసం లేదు. గుండు కొత్తది, నెత్తి మీద చర్మం ఇంకా ఎండకు కమలలేదు. తువ్వాలు కనుబొమల దాకా లాక్కున్నాడు.

మమ్మల్ని చూసి లేచాడు. నింపాదిగా వచ్చాడు. చేతులు మోకాళ్ల మీద ఆనించి మానిటర్లోకి వంగాడు. ముక్కుతో నవ్వాడు.

"ఇండ్ల నేను ఉన్ననా?"

రమణ అప్పటికే కెమెరా కుడికి తిప్పేశాడు. తెర మీద ఇప్పపువ్వు గంపలు.

"లేరు, పెద్దాయనా" అన్నాను.

"మంచిది." వెళ్లి చింతపండు దగ్గర కూర్చున్నాడు. మళ్లీ మా వైపు చూడలేదు.

దాక్కునేవాడు గుండు చేయించుకుంటాడు. అన్న పోయిన తమ్ముడూ చేయించుకుంటాడు. ఆయనకు తమ్ముడున్నాడో లేదో నాకు తెలియదు. అన్నదమ్ములకు ఒకే నవ్వు ఉండొచ్చు. ఆ 'ఇండ్ల నేను' మాట కూడా అన్న ఆ రోజు నవ్వుతూ తమ్ముడికి చెప్పినదే కావచ్చు.

మార్చి 20

రమణ తిప్పేలోపు ఆ మనిషి నిన్నటి కార్డులో పడ్డాడు. నాలుగైదు సెకన్లు. లేచినప్పుడు తువ్వాలు కాస్త జారింది. ఎడమ కనుబొమ మీద గాటు ఉందో లేదో ఆ సెకన్లలో తెలుస్తుంది.

రెండు కార్డులూ బల్ల మీద ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా నేను చేసింది ఇదే పని. పక్కపక్కన పెట్టి చూడటం. ఒక్కసారి పోల్చానంటే, రేపు ఎవరు అడిగినా తెలియదనలేను.

రమణ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చూశారా సార్?"

లేదు.

"చూడరా?"

ఈసారి మానిటర్ బ్యాటరీ నిండా ఉంది.