రంజాన్ నెలలో నిరాహార దీక్ష

1977 ఆగస్టు 15
ఒంటరి సెల్లులో పదమూడు నెలలు. రేపటి నుంచి నిరాహార దీక్ష. డిమాండు ఒక్కటే: నన్ను మనుషుల మధ్య పెట్టండి. మూడు పూటలు ప్లేటు తిప్పి పంపితే సూపరింటెండెంటు రావాలి. అది రూలు.

ఆగస్టు 16
మధ్యాహ్నం రొట్టె తిప్పి పంపాను. వార్డరు హమ్మూ మామూలుగానే నోరు విప్పలేదు. నాతో మాట్లాడితే అతని ఉద్యోగానికే ముప్పు.

సాయంత్రం
ఊళ్లో ఫిరంగి పేలింది. అంటే నెలవంక కనబడిందన్నమాట. రేపటి నుంచి రంజాన్! గోడ మీద తేదీలు గీసుకుంటూ చంద్రుణ్ణి మరిచిపోయాను. రేపు జైలంతా తినదు. ఇక నా దీక్ష ఎవడికి తెలుస్తుంది? ఇంత తెలివితక్కువ లెక్కల మాష్టారు మొరాకో మొత్తం మీద ఇంకొకడు ఉండడు.

ఆగస్టు 17
తెల్లవారుజామున సహరీకని ఇచ్చిన రొట్టె కూడా తిప్పి పంపాను. సూర్యాస్తమయానికి తలుపులోని చిన్న కిటికీ తెరుచుకుంది. హమ్మూ మాట్లాడాడు! సహరీ కూడా లేకుండా ఉపవాసమా మాష్టారూ, ఇంత నిష్ఠ మా ఇమాముకే లేదు, కమ్యూనిస్టులకు దేవుడు లేడన్న వెధవ ఎవడు, అన్నాడు. భార్య కాచిన హరీరా సూపులో సగం ఇటు తోశాడు. మిగతాది తలుపు అవతల కూలబడి జుర్రుకున్నాడు. ఆవిడ మిరియాలు గుమ్మరిస్తుందట. మొగుడి నోరు మండితే ఆవిడకి పండగట.

ఇది ఉపవాసం కాదు, సమ్మె అని చెప్పాలి. చెప్పలేదు. చెబితే కిటికీ మూసుకుంటుంది. సూపు తూములో పోశాను. ఖాళీ గిన్నె చూసి తాగాననుకున్నాడు.

ఆగస్టు 19
మళ్లీ పోశాను. వాసనకి ఏడుపొచ్చింది.

ఆగస్టు 23
ఎనిమిదో రోజు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. హమ్మూ కూతురికి భిన్నాలు ఎక్కడం లేదట. రొట్టెను నాలుగు ముక్కలు చేయించి చెప్పాను. పదమూడు నెలల్లో మొదటిసారి నవ్వాను.

నేనడిగింది మాట్లాడే మనిషిని. ఆ మనిషి తలుపు అవతలే ఉన్నాడు. కానీ ఇలాగే సాగితే చచ్చిపోతాను. ఎందుకు చచ్చానో కూడా ఎవరికీ తెలియదు.

ఆగస్టు 24
ఇది సమ్మె అని చెప్పేశాను. హమ్మూకి కోపమొచ్చింది. వారం రోజులుగా మా ఆవిడ వండింది తూములో పోస్తున్నావా, నువ్వసలు మనిషివేనా, అన్నాడు. అంతలోనే గొంతు మారింది. రిజిస్టరులో రాస్తే ఇన్నాళ్లూ ఏం చేశావురా అని నన్ను ఎడారికి తోలేస్తారు, రాయకపోతే మీరు పోతారు, ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి మాష్టారూ, అన్నాడు.

రాయమన్నాను. నాకు బతకాలని ఉంది.

ఆగస్టు 26
కొత్త వార్డరు. నీళ్లు పెట్టి పోయాడు. మాట లేదు.

సెప్టెంబరు 3
సూపరింటెండెంటు ఒప్పుకున్నాడు. పాలు తాగించారు. హమ్మూ ఏడని అడిగాను. దక్షిణాదికి బదిలీ చేశారట. భార్యా కూతురూ ఇక్కడే ఉండిపోయారట. నేను గెలిచాను.

సెప్టెంబరు 10
పెద్ద బారక్. పదకొండుమంది, అందరూ మావాళ్లే. సహరీలో దాచిన రొట్టె మధ్యాహ్నం పంచుకుంటుంటే నా వంతు సూర్యాస్తమయం దాకా పక్కన పెట్టాను. మళ్లీ సమ్మె మొదలెట్టావా అని అడిగారు. ఉపవాసం అన్నాను. పడీ పడీ నవ్వారు.

నిజమే చెప్పాను.