వేళ్లు లేని కదంబాలు

మంగళవారం, రాత్రి

అన్నం సయించలేదు. పూల ప్రదర్శనలో మేం వేస్తున్న నమూనా తోటకి నర్సరీ నుంచి కుండీల్లో మొక్కలు తెప్పిద్దామని, తర్వాత వాటిని మా పేట తాల్‌బగీచాలో నాటేద్దామని కాంట్రాక్టరు అప్పారావుతో ముందే అనుకున్నాం. ఇవాళ చూస్తే లారీలోంచి నిలువెత్తు కదంబం చెట్లు దించాడు. ఎక్కడో పెరుగుతున్నవాటిని పెకలించి, గుంతల్లో పట్టడానికి వేళ్లన్నీ రంపంతో కోయించాడు.

"ఇవి బతుకుతాయా?" అన్నాను.

"మూడ్రోజులు పచ్చగుంటే సాలదేటమ్మా? సూసినోళ్లు వేళ్లు సూస్తారేటి?" అని నవ్వాడు.

పైన 'ప్రకృతిని కాపాడుదాం' అని బోర్డు. దాని కింద 'తోట రూపకల్పన' అంటూ నా పేరు. ఛీ! నా పేరు చెరిపేయమన్నాను. "ఠీక్ హై" అంటూ అక్కడికక్కడే తెల్లరంగు పూయించాడు. చెట్లు మాత్రం అలాగే నిలబెట్టారు.

బతకవని తెలిసీ, వచ్చేముందు ఒక్కోదానికీ బకెట్టు నీళ్లు పోశాను.