చిన్న చేతికి సరిపోయేది

మార్చి 3, ఆదివారం

రాయిస్ ఇరవై రెండో తేదీన జైలు నుంచి బయటికొస్తున్నాడు. కౌంటీ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ గుర్తు చేస్తున్నంత తీయగా చెప్పింది. ఇంకేమైనా సాయం కావాలాండీ అని కూడా అడిగింది. వాణ్ణి లోపలే ఉంచండి అన్నాను. సారీ అంది.

నా దగ్గర జడ్జిగారి కాగితం ఉంది. నా మాజీ మొగుడు నాకు కనీసం మూడు వందల గజాల దూరంలో ఉండాలని అందులో ఉంది. అక్టోబర్లో వాడు భుజంతో నా షాపు తలుపు బద్దలుకొట్టి, లోపలికొచ్చి, నా పక్కటెముక విరగ్గొట్టినప్పుడు ఆ కాగితం సొరుగులోనే ఉంది. వాడికి ఐదు నెలలు వేశారు. నా పక్కటెముక ఇప్పటికీ చలికి లాగుతోంది.

కాబట్టి తుపాకీ. చర్చి అయ్యాక అన్నయ్య డెల్బర్ట్‌తో చెప్పాను. నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటానన్నట్టు మురిసిపోయాడు. నేను చూసుకుంటాగా చెల్లీ, నువ్వు బుర్ర పాడుచేసుకోకు అన్నాడు.

మార్చి 5, మంగళవారం

తెచ్చాడు. గులాబీ రంగు పిడి ఉన్న రివాల్వర్. అరచేతిలో ఇమిడిపోతుంది, సబ్బుపెట్టె అంత తేలిక. చిట్టి చేతులకు చిట్టి తుపాకీ అన్నాడు. ఎంత ముద్దుగా ఉందో చూడవే అని వదిన లోర్నా అంది. ముద్దుట! రాయిస్‌కి ముద్దొస్తే నాకేం లాభం?

నా చేతులు చిన్నవే. గ్లవ్స్ పిల్లల సైజు కొంటాను. ఈ చేతులతోనే పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో కుక్కలకు స్నానాలు చేయించి, బొచ్చు కత్తిరించి, గోళ్ళు తీస్తున్నాను. నిన్న నాకంటే బరువైన మాస్టిఫ్ జాతి కుక్కని చంకలో అదిమిపట్టి నాలుగు కాళ్ళకీ గోళ్ళు తీశాను. చిన్న చెయ్యంటే చేతకాని చెయ్యని వీళ్ళకెవరు చెప్పారు?

మార్చి 6, బుధవారం

అన్నయ్య పశువుల దొడ్డి వెనక మట్టిగట్టు మీద కాల్చి చూశాం. మొదటి గుండుకే బొటనవేలి సందున చర్మం చీలింది. ట్రిగ్గర్ ఎంత బిగుతంటే రెండు వేళ్ళతో లాగాల్సొచ్చింది. ఐదడుగుల దూరంలో అన్నం పళ్ళెమంత రేకు. ఐదు గుళ్ళు కాలిస్తే ఒకటి తగిలింది.

అలవాటైపోతుందిలే, అయినా ఇది కాల్చడానికి కాదు, చూపించి బెదిరించడానికి అన్నాడు డెల్బర్ట్. రాయిస్ ఆరేళ్ళప్పటి నుంచి జింకల్ని కాలుస్తున్నవాడు. దేనికి భయపడాలో, దేనికి నవ్వాలో వాడికి తెలియదా? ఈ మాట అడిగితే అన్నయ్య రేకు సరిచెయ్యడానికి వెళ్ళాడు.

మార్చి 9, శనివారం

టౌన్లో తుపాకుల షాపుకి వెళ్ళాం. కౌంటర్ దగ్గరున్నాయన నన్ను చూడనే లేదు. ఆవిడకి ఎలాంటిది కావాలి సార్ అని అన్నయ్యని అడిగాడు, హోటల్లో చిన్నపిల్లకి ఏం తెమ్మంటారని అడిగినట్టు. ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడకి నోరుంది అన్నాను. అయ్యో మేడం అని నవ్వి ఇంకా బుల్లి పిస్తోలు తీశాడు. దానికి పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగి వదిలితేనే గుండు లోపలికి ఎక్కుతుంది. లాగాను. కదల్లేదు. గోళ్ళు విరుగుతాయి జాగ్రత్త మేడం అన్నాడు. నాకు గోళ్ళే లేవు. కుక్కలతో బతికేవాళ్ళకి గోళ్ళుండవు.

కాఫీ కెటిల్ దగ్గర ముగ్గురు ముసలాళ్ళు కూర్చుని ఉన్నారు. మా ఆవిడకి అలాంటిదే కొన్నానమ్మా, పదేళ్ళుగా బీరువాలో భద్రంగా ఉంది అని ఒకాయన. ఇంకొకాయన, ఈ గొడవంతా ఎందుకు, ఒక కుక్కని పెంచుకోవచ్చుగా అన్నాడు. రోజుకి పదకొండు కుక్కలతో కుస్తీ పడుతున్నానని ఆయనకి తెలియదు పాపం. తలుపు ధడాలున వేసి బయటికొచ్చాను.

అదే రోజు, సాయంత్రం 4

వేలి సందు ఇంకా మండుతోంది. పదమూడు రోజులే ఉన్నాయి.

మార్చి 12, మంగళవారం

షూటింగ్ రేంజ్‌లో మంగళవారాలు ఆడవాళ్ళ రోజు. మోడీన్ అని డెబ్బై ఏళ్ళావిడ నేర్పిస్తుంది. ముప్పై ఏళ్ళు కౌంటీ జైల్లో గార్డుగా చేసిందట. ఆవిడ చేతులు నావాటికన్నా చిన్నవి, వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

ముందు తుపాకీ చూపించలేదు. నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత, ఎవరొస్తున్నారు పిల్లా అని అడిగింది. తొమ్మిది రోజుల్లో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. పేరు చెప్పాను. రాయిస్ మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడే భోజనం పళ్ళెం ఇచ్చేదట. ప్లీజులూ థాంక్యూలూ తప్ప ఇంకోమాట ఉండేది కాదు, అలాంటోళ్ళతోనే వచ్చిన చావు అంది.

గులాబీది చూసి పగలబడి నవ్వింది. చిన్న తుపాకీ దాచుకోవడానికే పిల్లా, చేతికి కాదు, తేలిగ్గా ఉంటే కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా నీ చేతికే తగులుతుంది, కాస్త బరువున్నదైతే ఆ దెబ్బని తనే మింగేస్తుంది అంది. నీ చేతికి చూసుకోవాల్సింది ఒక్కటే, తుపాకీ గొట్టం మోచేతికి తిన్నగా ఉండగా చూపుడువేలి కొస ట్రిగ్గర్‌కి అందుతుందా లేదా. తన పిస్తోలొకటి చేతికిచ్చి, స్లైడ్‌ని లాగొద్దంది. గుండెకి దగ్గరగా పెట్టి, ఎడమ అరచేత్తో పైభాగాన్ని గట్టిగా బిగించి, కుడిచేత్తో పిడిని ముందుకి తోసెయ్యమంది. ఒక్కసారికే కదిలింది.

ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. ఇంత చిన్న సంగతి ఆ షాపులో అంతమంది మగాళ్ళలో ఒక్కడూ చెప్పలేదని ఒళ్ళు మండిపోయి.

మార్చి 14, గురువారం

బల్లమీద ఏడు పెట్టింది. రెండిటికి పిడి లావు, వేలు అందలేదు. ఒకటి అందింది గానీ స్లైడ్ మొండికేసింది. ఒకటి అన్నీ బాగున్నా గుండు గుండుకీ నుదుటి మీదికి ఎగిరింది. ఐదోది ఉక్కుది, మధ్యస్థం సైజు, బొచ్చు కత్తిరించే మిషన్లు రెండు కలిపితే ఎంతో అంత బరువు. పిడి సన్నం. వేలు అందింది. పదికి పది రేకుకి తగిలాయి. మిగిలిన రెండూ ముట్టుకోలేదు. అదే కొన్నాను.

మార్చి 17, ఆదివారం

అన్నయ్యింట్లో భోజనం. గులాబీది తిరిగిచ్చాను. ఇక్కడ ఇంటి మగాడిచ్చిన తుపాకీ తిరిగివ్వడమంటే పెళ్ళి ఉంగరం మొహాన కొట్టినట్టే. లోర్నా గరిటె కింద పెట్టేసింది. డెల్బర్ట్ మొహం మాడ్చుకున్నాడు. తర్వాత మెల్లగా కక్కాడు. జైలు నుంచి రాయిస్ ఫోన్ చేస్తుంటే ఎత్తుతున్నాడట. వేటకి కలిసి తిరిగినవాళ్ళు కదా! నా దగ్గర తుపాకీ ఉందని వాడికి చెప్పాడట. ముందే హెచ్చరించడం మర్యాద, మగాడికి మగాడు చెప్పుకునే మాట అది అన్నాడు.

ఎవరికీ కనపడకుండా దాచుకుని తిరగాల్సిన తుపాకీ గురించి, ఎవడి కోసం దాచుకుంటున్నానో వాడికే చెప్పాడు! పైగా గులాబీదని కూడా చెప్పాడట. దాంతో మా చెల్లి గోడని కూడా కొట్టలేదు బావా అని వీడంటే ఇద్దరూ నవ్వుకున్నారట.

మాంసం ప్లేటు తోసేసి లేచాను. నీకు చెల్లెలు లేదనుకో అన్నాను. లోర్నా, అంత మాట అనకే, పాపం నీకోసమే కదా అంది. నాకోసం ఎవరూ ఏమీ చేయొద్దు. ఉక్కుది కొన్నానని చెప్పలేదు. చెప్పను కూడా.

మార్చి 19, మంగళవారం

దీన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఆడవాళ్ళ ప్యాంట్లకి బెల్టు లూపుల్లేవు, జేబుల్లో తాళంచెవి పట్టదు. బట్టలు కుట్టేవాళ్ళ మీద కూడా కోపమొస్తోంది. చివరికి మోడీన్ నడుముకి గట్టి పట్టీ, దానికి ఒర కట్టించింది. పైన నా రబ్బరు ఏప్రన్. ఎడమచేత్తో ఏప్రన్ ఎత్తడం, కుడిచేత్తో తియ్యడం. గుళ్ళు తీసేసి అరవైసార్లు చేయించింది. వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, బయటే ఉంచు, కాల్చాలని తేల్చుకున్నాకే లోపలికి అని ప్రతిసారీ అరిచింది.

మార్చి 22, శుక్రవారం

బయటికొచ్చాడు.

మార్చి 27, బుధవారం

రాలేదు. తలుపు గంట మోగిన ప్రతిసారీ ఏప్రన్ మీదికి చెయ్యి పోతోంది. వచ్చేది పూడుల్ కుక్కతో ఎవరో పెద్దావిడ. నాకు ఇలా బతకాలని లేదు. వాడు హాయిగా ఎక్కడో చేపలు పడుతుంటాడు.

ఏప్రిల్ 4, గురువారం, మధ్యాహ్నం 2

వచ్చాడు. తలుపు గడియ పెట్టి, నవ్వుతూ, ఏదే నీ గులాబీ బొమ్మ, చూపించు అంటూ కౌంటర్ దాటాడు. బల్లమీదున్న పెద్ద కత్తెర తీసుకున్నాడు. ఏప్రన్ ఎత్తి ఉక్కుది తీశాను. నవ్వు పోయింది. కత్తెర కింద పడేసి, వెనక్కి నడిచి, గడియ తీసి వెళ్ళిపోయాడు. పోలీసు డిప్యూటీ వచ్చి ఇంతవరకే రాసుకున్నాడు.

మిగతాది ఆయనకి చెప్పలేదు. వాడు గడియ తీస్తున్నంతసేపూ, మెట్లు దిగి ట్రక్కు దాకా నడుస్తున్నంతసేపూ, వాడి వీపుకే గురిపెట్టి ఉన్నాను. వేలు లోపలే ఉంది. ట్రిగ్గర్ సగం దాకా వచ్చేసింది.

నొక్కనందుకు కోపంగా ఉంది. నొక్కబోయినందుకు ఇంకా కోపంగా ఉంది.