సరుగుడు ఆకు లేని పొయ్యి

అత్తా,

ఈరోజు నీ సంవత్సరీకం. పరమాన్నం సగం ఉడికేసరికి గ్యాస్ అయిపోయింది. నీ గంప పట్టుకుని సరుగుడు ఆకు ఊడ్చుకొద్దామని పెరటి వెనక్కి పరుగెత్తాను. వెళ్ళాక గానీ గుర్తు రాలేదు, అక్కడ చెట్లే లేవని.

తెల్లారకుండా లేచి నువ్వు ఊడ్చి తెచ్చే ఆ ఆకుతోనే మన పొయ్యి మండేది. సముద్రం వైపున్న ఆ సరుగుడు చెట్ల వరుస మీద ఎవరైనా కత్తి పెట్టబోతే, "సెట్లు కొట్టీసి, రేపు నా తలెట్టి వొండమంతారేటి?" అని విరుచుకుపడేదానివి.

నువ్వు పోయాక గ్యాస్ కోసం పోరు పెట్టింది నేనే. పొగ లేదు, మసి లేదని మురిసిపోయాను. "ఇంక ఆకుతో మనకి పనేటే? కొట్టించీద్దాం" అని నీ కొడుకంటే వద్దనలేదు.

ఆ చెట్లు సముద్రపు గాలిని ఆపుతున్నాయని మాకు తట్టలేదు. నీకు తెలుసో లేదో, నువ్వూ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఉప్పుగాలి నేరుగా మన జీడితోటలోకి కొడుతోంది. ఈ ఏడు పూత మాడిపోయింది, ఆ వైపు చెట్లు ఎండిపోతున్నాయి. "వాతావరణం మారిపోనాది" అని నీ కొడుకు కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పక్కన నేను తలాడిస్తున్నాను.

ఎండిన జీడికొమ్మలు విరుచుకొచ్చి నీ మట్టిపొయ్యి వెలిగించాను. బాగా మండాయత్తా. నీ పరమాన్నం వాటి మీదే ఉడికింది. నీ కొడుకు వచ్చి పొయ్యిలోకి చూశాడు. అవి ఏ కొమ్మలో పోల్చుకున్నాడు. నా పక్కన కూర్చుని ఇంకో కొమ్మ లోపలికి ఎగదోశాడు.

వాతావరణం మాట ఎత్తలేదు.