కల్లం ఘాటు

అమ్మా హెప్సిబా,

ప్రభువు దయవల్ల నేనూ నాన్నా బాగున్నాం. మీ నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసేసుకున్నారుగా, అందుకే ఈ కార్డు.

నిన్న చర్చిలో నాకు ఒళ్ళు మండిపోయిందే! వారమంతా మేం ఆడవాళ్ళం సంఘపెద్ద జకర్యా గారి మిరప కల్లంలో కూలికెళ్ళి, రంగు పోయిన తాలుకాయలు ఏరాం. రెండుసార్లు తలంటుకున్నా ఘాటు పోలేదు. ఆయన మమ్మల్ని చర్చి గుమ్మంలోనే ఆపి, "అందరూ తుమ్ముతున్నారు, కూలికొచ్చే ఆడవాళ్ళంతా వసారాలో కూర్చోండి" అన్నాడు. కల్లం ఆయనది, కాయలు ఆయనవి, ఘాటు మాత్రం మాదంట!

కూర్చున్నాం. గాలి మా మీదుగా లోపలికే కొట్టింది. లోపల అందరికీ కళ్ళనీళ్ళు ధారలు కట్టాయి. గుంటూరు నుంచి వచ్చిన ప్రసంగీకుడు అదంతా పశ్చాత్తాపం అనుకుని, పొంగిపోయి ఇంకో అరగంట చెప్పాడు. అందరికంటే ఎక్కువ ఏడుస్తున్నారని జకర్యా గారినే ముందుకు పిలిచి, మోకాళ్ళ మీద ఉంచి ప్రార్థన చేశాడు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పచ్చడి అయిపోయిందా? నా నీలం చీర నీ పెట్టెలో ఉంటే ఎవరితోనైనా పంపు. వచ్చే ఆదివారం అది కట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను, ఎవరు లేపుతారో చూస్తాను.

నీ పరీక్షల కోసం రోజూ ఆ కల్లంలోనే ప్రార్థన చేస్తున్నాను. ప్రభువు ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు.

ఆయన కాపుదలలో ఉండు తల్లీ.
అమ్మ, కరుణమ్మ