మైకులో పాపక్షమాపణ

బావా,

ఈ ఆదివారం మా ఇంటికి రావద్దు. ఇది నా మామూలు వేళాకోళం కాదు.

నీ సాక్ష్యంతో తన తమ్ముడు జైలుపాలయ్యాడని పగబట్టిన వడ్రంగి, మొన్న చర్చిలో ఒంటరిగా మోకరించి ఏడుస్తున్నాడు. నా నోటి దురద ఊరుకోలేదు. తెర వెనక మైకు అందుకుని, "కుమారుడా, నీ పాపాలు క్షమించాను" అన్నాను.

"చేయబోయేది కూడానా, ప్రభువా?" అన్నాడు.

నవ్వాపుకుంటూ "అదీనూ" అనేశాను.

కళ్లు తుడుచుకుని వెళ్లినవాడు అప్పటినుంచీ బాడిసె నూరుతున్నాడు. నువ్వొచ్చే బస్సు ఎప్పుడని అమ్మను అడిగాడు. నేను పరుగున వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. "మామా, అది దేవుడు కాదు, నేనే."

"తెలుసురా. బైబిల్లో ఆయన వెనకటికి గాడిద చేత కూడా మాట్లాడించాడు" అని మళ్లీ నూరుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నా మాట నమ్మినవాడు అతనొక్కడే. రెండోవాడివి నువ్వు కావాలి. బస్సెక్కకు.

నీ బావమరిది