కోరస్‌లో నీ "ఏంది", నా "ఏంటి"

రాజూ,

నువ్వు చనిపోయిన ఏడాదికి మన అరుపుల రాక్, అదే మెటల్‌కోర్ బ్యాండ్ నాలుగు పాటల సీడీ చేతికొచ్చింది. ఇవాళ తెలంగాణ బంద్. మనిద్దరం ఉన్న చైతన్యపురి గదిలోనే గడియపెట్టుకుని విన్నాను. నీ అరుపుకి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. డ్రమ్స్ మాత్రం రేకు డబ్బా మీద కొట్టినట్టున్నాయి. అసలు లోపం కోరస్‌లో ఉంది. నువ్వు "ఏంది భయం" అని అరుస్తుంటే, వెనక నేను "ఏంటి భయం" అంటున్నాను. గుంటూరువాణ్ణని ఇట్టే తెలిసిపోతుంది.

అప్పుడే వీధిలో నినాదాలు వినిపించాయి. సౌండ్ తగ్గించేలోపే ఎవరో తలుపు బాదారు. నా "ఏంటి" విన్నారేమోనని పాట ఆపేశాను.

"ఏంది?" అన్నాను, అచ్చం నీలాగే.

 బయట ఇంటి ఓనర్ ఆంటీ గొంతు.

"జరసేపు రాజే అనుకున్న, బిడ్డా."

గడియ తీయడానికి చేయి రాలేదు.